చిక్కడపల్లి విస్తళ్ళు, అశోక్‌నగర్ రొట్టెలు

ప్రత్యేక సంచికకు మన పేట చరిత్ర ఏదైనా వ్రాసి పంపవలసిందిగా సంఘం కార్యదర్శిగారు కోరారు. చరిత్ర అనగానే కోటలు, దేవిడీలు, నవాబుల పేర్లు గుర్తుకొస్తాయి. నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లకు ఆ వైభవం తక్కువ. ఇవి నెల జీతగాళ్ళ పేటలు. నెల జీతగాడి చరిత్ర అతడు ఏ హోటల్లో చాయ్ తాగాడు, ఏ మెస్సులో ఖాతా పెట్టాడు అన్నదాంట్లోనే చాలావరకు దొరుకుతుంది. అందుచేత తిండి సంగతే వ్రాస్తున్నాను. మన సభ్యుల్లో ఇక్కడ అద్దెగదుల్లో కాపురం మొదలుపెట్టినవారు చాలామంది ఉన్నారు గనుక, నేను మరచిన రుచులు వారు గుర్తు చేయగలరు.

నేను 1965 జూన్‌లో జనగామ తాలూకా నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చాను. సికింద్రాబాదులో రైలు దిగి, ఇనుప పెట్టెతో బస్సెక్కి, ముషీరాబాదు మీదుగా వచ్చి, ఇప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అంటున్న చౌరస్తాలో దిగాను. ఆర్టీసీ ప్రధాన కార్యాలయం పక్కనే ముషీరాబాదులో ఉండటం వల్ల ఆ కూడలికి ఆ పేరు స్థిరపడింది. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణాయే చేతులు మారి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. ఒకవైపు ఆజమాబాదులో చార్మినార్ సిగరెట్లు తయారుచేసే వజీర్ సుల్తాన్ ఫ్యాక్టరీ, ఇంకోవైపు కవాడిగూడ దగ్గర డి.బి.ఆర్. మిల్లు. తెల్లవారుజామున షిఫ్టుకు పోయే కార్మికుడు, డ్యూటీ దిగిన డ్రైవరు, పదిన్నరకు ఆఫీసు చేరవలసిన గుమాస్తా, ముగ్గురూ ఒకచోట కూర్చునేది ఇరానీ హోటల్లోనే.

ఇరానీల గురించి ఒక మాట. యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బొంబాయి, పూనాల మీదుగా బతుకుతెరువు వెదుక్కుంటూ హైదరాబాదు చేరినవారు వీరు. వాళ్ళ దేశంలో చాయ్‌లో పాలు పోయరు. పాలు చిక్కగా మరిగించి కలపడం ఇక్కడికొచ్చాక ఏర్పడిన పద్ధతి. ఆకు డికాక్షను మూతపెట్టిన రాగి పాత్రలో సన్న సెగమీద ఒకవైపు, పాలు మరో గిన్నెలో ఇంకోవైపు గంటల తరబడి కాగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. కప్పు ముప్పావు నింపితే అది 'పౌనా'. ఒకే చాయ్ ఇద్దరు పంచుకుంటే 'ఏక్ మే దో'. ఏడవ నిజాం పేరుమీద ఉస్మానియా బిస్కట్టు, పక్కన చిన్న ఉల్లిగడ్డ సమోసా, పొద్దున వెళ్తే ఖిచిడీ ఖీమా. మనం తిని లేవగానే బేరా వెనకనుంచి గల్లా వరకు వినబడేలా బిల్లు కేకవేసేవాడు. కాగితం ఖర్చు లేదు, దాపరికం అంతకన్నా లేదు. వీధి మూల మడిగెలన్నీ ఇరానీలవే ఎందుకయ్యాయి అంటే, వాస్తు పేరుతో మనవాళ్ళు వద్దన్నవి వాళ్ళు తీసుకున్నారని పాత వ్యాపారస్తులు చెప్పేవారు.

అశోక్‌నగర్‌లో నాతో గది పంచుకున్న మిత్రుడు నల్లగొండ జిల్లా దళిత కుటుంబం నుంచి వచ్చినవాడు. అతని ఊరి హోటల్లో అతనికి గ్లాసు వేరే. తాగి, తానే కడిగి, బయట చూరులో పెట్టి రావాలి. చౌరస్తాలోని ఇరానీ హోటల్‌కు మొదటిరోజు మేమిద్దరం కలిసే వెళ్ళాం. చాయ్ తాగాక అలవాటు కొద్దీ కప్పు పట్టుకొని కొళాయి వైపు నడిచాడు. బేరా కసిరాడు: "ఛోడో మియా, వో మేరా కామ్ హై." ఉద్యోగంలో తర్వాత అతను నాకంటే పై హోదాలో రిటైరయ్యాడు గాని, తన మొదటి ప్రమోషన్ ఆ కసురేనని చివరిదాకా చెప్పేవాడు.

ఆ మాట విలువ తెలియాలంటే అంతకు ముందు పరిస్థితి కొంచెం తెలియాలి. జిల్లాల నుంచి నగరానికి చదువుకోసం వచ్చిన తెలుగు పిల్లలకు తిండి దొరికింది ఎక్కువగా కుల వసతిగృహాల్లో. 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టల్ వచ్చింది. తక్కిన సామాజికవర్గాల పెద్దలూ తమ పిల్లలకోసం అదే బాట పట్టారు. ఆ హాస్టళ్ళే లేకపోతే ఒక తరానికి చదువు లేదు, ఆ మేలు కాదనరానిది. కాని అక్కడ పంక్తిలో పక్కన కూర్చునేవాడు ఎవరో తినకముందే తెలుసు. ఇరానీ హోటల్లో చలువరాతి బల్ల దగ్గర ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. సంఘసంస్కర్తలు ఉపన్యాసాలతో సాధించలేనిది చాయ్ అమ్ముకునేవాడు గల్లాపెట్టె చూసుకుంటూ సాధించాడని నా అభిప్రాయం.

అయితే చాయ్‌తో రోజు గడవదు కదా. అన్నం కావాలి.

ఆంధ్రరాష్ట్రం 1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడి, మూడేళ్ళకే 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ కావటంతో కర్నూలు ఆఫీసులన్నీ ఫైళ్ళతో, బీరువాలతో, మనుషులతో సహా హైదరాబాదుకు తరలివచ్చాయి. వచ్చిన గుమాస్తాల్లో చాలామందికి సర్దుబాటు అద్దెలకు ఇళ్ళు దొరికింది చిక్కడపల్లి, గాంధీనగర్, అశోక్‌నగర్, దోమలగూడ వైపే. పెళ్ళికానివారు, భార్యను పుట్టింట్లో ఉంచినవారు ఎందరో. వారి ఆకలి తీర్చటానికి ఇళ్ళలోనే మెస్సులు వెలిశాయి. నేను చేరిన మెస్సు గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒకావిడది. భర్త కర్నూలు నుంచి ఆఫీసుతోపాటు వచ్చిన చిరుద్యోగి. ఆయన పోయాక ఆవిడ ముందుగదిలో పీటలు వేసి విస్తళ్ళు పరచింది. అందరం ఆవిడను పిన్నిగారు అనేవాళ్ళం. నెలకు అరవై కూపన్ల పుస్తకం. ఆదివారం రాత్రి సెలవు. చుట్టాన్ని తీసుకొస్తే ఒక కూపను అదనం. నా జీతంలో దాదాపు మూడోవంతు ఆ పుస్తకానికే పోయేది.

కొన్ని మెస్సుల్లో చేరేటప్పుడే ఊరు, ఇంటిపేరు, ఆ తర్వాత అసలు ప్రశ్న వరుసగా వచ్చేవి. పిన్నిగారు అడగలేదు. అది ఆవిడ ఉదారత అని కొందరు మెచ్చుకునేవారు. ఆవిడ మాత్రం, "ఆ రోజుల్లో సగం పీటలు ఖాళీ నాయనా, అడిగే స్తోమత ఎక్కడిది" అని నవ్వేసేది.

ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, ఒక వేపుడు, చారు, గడ్డపెరుగు. మధ్యాహ్నం పూట ఒక్క గరిటె నెయ్యి. నాకు పొద్దున అన్నం, రాత్రి జొన్నరొట్టె అలవాటు. రెండు పూటలా తెల్లటి అన్నం మా ఊళ్ళో దొరలకే చెల్లేది. ఆ లెక్కన ఉద్యోగం వచ్చినట్టు నాకు రూఢి అయింది విస్తరి ముందే. మాటలు మాత్రం కలిసేవి కావు. నేను తొక్కు వేయమంటే పక్కవారు ముసిముసిగా నవ్వేవారు. పచ్చడి అనాలట. గోంగూర గోంగూర అని అంతగా చెప్పుకొనేది మా పుంటికూరేనని విస్తట్లో పడ్డాక గాని తెలియలేదు. ఆఫీసులోనూ అంతే, కాఫీవారు ఒక బల్ల, చాయ్‌వారు ఒక బల్ల. ఎవరు ఏ జిల్లావారో హాజరుపట్టీ చూడనక్కరలేకుండా తెలిసిపోయేది.

1965 చివర యుద్ధం, కరువు కలిసి వచ్చాయి. ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒకపూట, సోమవారం రాత్రి, భోజనం మానమని దేశాన్ని కోరారు. దేశమంతటా చాలా హోటళ్ళు ఆ రాత్రి మూతపడేవి. పిన్నిగారూ పొయ్యి వెలిగించేది కాదు. ఆ సోమవారం రాత్రులు మేము ఒక పౌనా చాయ్, రెండు బిస్కట్లతో దేశసేవ చేశాం.

ఇక 1969. ఆ సంవత్సరం సంగతి ఇప్పటికీ కొందరు మిత్రులు ఎత్తనివ్వరు, కొందరు ఎత్తితే ఆపరు. నేను మెస్సు వరకే చెబుతాను. ముల్కీ నిబంధనలు, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు అమలు కావటం లేదని జనవరిలో విద్యార్థులతో మొదలైన ఉద్యమం వేసవికల్లా ఆఫీసులకు పాకింది. జూన్‌లో తెలంగాణ ఎన్.జి.ఓ.లు సమ్మెకు దిగారు. నేను, నా మిత్రుడు, మెస్సులో ఇంకో తొమ్మిది మంది సమ్మెలో ఉన్నాం. జీతం లేదు. అవతల కోస్తా జిల్లాల ఉద్యోగులు కుటుంబాలను సొంత ఊళ్ళకు పంపేస్తున్నారు. వీధిలో రాళ్ళు పడ్డ రెండో రాత్రి పిన్నిగారు పిల్లలను తీసుకొని వెళ్ళిపోవటానికి నిశ్చయించుకుంది.

వెళ్ళే రోజు పొద్దున మమ్మల్ని పిలిచి కొట్టుగది తాళంచెవి ఇచ్చింది. "రెండు బస్తాల బియ్యం ఉన్నాయి. పప్పు, నూనె, చింతపండు ఉన్నాయి. పుస్తకంలో రాసుకొని తినండి. జీతాలొచ్చాక చూసుకుందాం" అంది. ఆవిడను ఇక్కడినుంచి పంపేస్తున్న గొడవలో మేమూ భాగస్థులమేనని ఆవిడకు తెలుసు. పొద్దున ఊరేగింపుకు పోయి వచ్చి మధ్యాహ్నం ఆవిడ విస్తట్లో తినేవాళ్ళమే మేమందరం. నా మిత్రుడు ఆ మాట అనబోతే, "తిండి దగ్గర అవెందుకు అబ్బాయ్, రిక్షా వచ్చింది" అని లేచింది.

వండేదెవరు? మెస్సులో అంట్లు తోమటానికి మెదక్ జిల్లా నుంచి వచ్చిన ఒకామె ఉండేది. నాలుగేళ్ళుగా మాకు ఆమె వీపే తెలుసు, ఎప్పుడూ దొడ్లో కొళాయి దగ్గర కూర్చొని ఉండేది. "నేనొండుత తియ్యుండ్రి" అని ముందుకొచ్చింది. మొదటిరోజు పచ్చిపులుసు, కారం తొక్కు. మర్నాడు జొన్నపిండి ఎక్కడనుంచి తెచ్చిందో, రొట్టెలు చప్పుడు చేస్తూ కొట్టింది. ఒక రాత్రి బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిరప వేసి గిన్నె అడుగున అద్ది సర్వపిండి కాల్చింది. నగరానికి వచ్చి నాలుగేళ్ళయింది. హైదరాబాదు తెలంగాణ నడిబొడ్డున ఉన్న ఊరు. అయినా మా ఇంటి తిండిని ఊళ్ళో ఇంకొకరి చేతిమీద తిన్నది అదే మొదటిసారి. ఇరానీ తిండికి బోర్డుంది, ఉడిపి తిండికి బోర్డుంది, ఆంధ్రా భోజనానికి బోర్డుంది. జనగామ తిండికి, మెదకు తిండికి బోర్డు లేదు. అది పేదలు ఇంట్లో తినేది, డబ్బు పెట్టి కొనేది కాదు అని మేమే అనుకునేవాళ్ళం. ఉద్యమంలో ఉద్యోగాల గురించి, నీళ్ళ గురించి, నిధుల గురించి ఎన్నో తీర్మానాలు చేశాం. ఈ సంగతి మీద ఒక్క తీర్మానమూ చేసినట్టు గుర్తులేదు.

వానాకాలం చివర పిన్నిగారు తిరిగి వచ్చింది. పుస్తకం చూసి, "పప్పు ఇంత మిగిలిందేమిటి? పస్తులున్నారా?" అంది. మెదక్ ఆమె కొళాయి దగ్గరనుంచే జవాబిచ్చింది: "పచ్చిపులుసుకు పప్పెందుకమ్మా, పొయ్యి గూడ అక్కెర్లేదు." పిన్నిగారు ఆ మధ్యాహ్నమే రుచి చూసింది. చింతపండు పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప నలిపి, పోపు వేసిన చల్లటి నీళ్ళు అంతే గదా. ఏమీ అనలేదు. వచ్చే వారం నుంచి మంగళ, శుక్రవారాలు చారుకు బదులు పచ్చిపులుసు వడ్డించారు. అంట్లకు వేరే మనిషి వచ్చింది. మా బాకీ మూడు నెలల వాయిదాల్లో తీర్చాం. ఆ మెస్సు 1980ల్లో ఇల్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేవరకు నడిచింది. పిన్నిగారూ లేరు, మెదక్ ఆమే లేదు. పేర్లు వ్రాయమని ఇద్దరూ చెప్పలేదు గనుక వ్రాయటం లేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఒకటో తారీఖున అబిడ్స్ తాజ్‌మహల్‌లో మసాలా దోసె తినటం ఆనవాయితీ. తర్వాత నారాయణగూడలోనూ తాజ్‌మహల్ ఉండటంతో బస్సు చార్జీ మిగిలింది. సాహిత్యం, రాజకీయం పిచ్చి ఉన్నవారు అబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్‌కు పోయేవారు. మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు కూర్చున్న చోటు అది, ఇప్పుడు లేదు. 1966లో త్యాగరాయ గానసభ ఏర్పడ్డాక మన పేటకు సాయంకాలాలు వచ్చాయి. కచేరీలో తని ఆవర్తనం మొదలుకాగానే వెనక వరుసలు ఖాళీ అయి బయట మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిండేవి. చౌరస్తాలో సంధ్య, సుదర్శన్, దేవి, సప్తగిరి, ఓడియన్ సినిమా హాళ్ళు ఉండటంతో రెండో ఆట వదిలాక కూడా ఇడ్లీ దొరికేది. 1990ల తర్వాత ఆ చౌరస్తా పేరు చెబితే బావర్చి బిర్యానీయే అందరికీ గుర్తు. ఊరంతా ఆ పేరుతో బోర్డులు వెలిశాయి గాని, తమకు బ్రాంచీలు లేవని అసలువారు చెప్పుకోవలసి వచ్చింది. బిర్యానీ మంచిదే. ప్రతి ఆదివారం తినవలసినదని మాత్రం మా కాలంలో ఎవరికీ తోచలేదు. కర్రీ పాయింట్లు వచ్చాక ఇంట్లో అన్నం వండుకొని కూరలు కొనుక్కోవటం మొదలైంది. దంపతులిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళకు అది వరం. నా భార్య మాత్రం ఆ పొట్లాలను ఈనాటికీ గడప దాటనివ్వదు.

ఇప్పటి మెస్సు సంగతి వేరు. గుమాస్తాల స్థానంలో గుమాస్తాలు కావాలనుకునే పిల్లలు వచ్చారు. అశోక్‌నగర్ అంటే పోటీ పరీక్షల పేట. ప్రతి మేడ ఒక హాస్టలు, ప్రతి కింది గది ఒక మెస్సు లేదా టిఫిన్ సెంటరు. తెల్లవారేసరికి సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు పుస్తకాల సంచులతో, టిఫిన్ డబ్బాలతో బారులు తీరుతారు. మేము ఉద్యోగం వచ్చాక మెస్సులో చేరాం, వీళ్ళు ఉద్యోగం కోసం చేరుతున్నారు. ఆ తేడా చిన్నది కాదు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమినరీ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టినది సెప్టెంబరులో కోర్టు తీర్పుతో రద్దయింది. మూడోసారి 2024 జూన్‌లో పెట్టారు. పత్రికలు దాన్ని పాలన సమస్యగా వ్రాశాయి. మా మేడమీద అద్దెకున్న పిల్లలకు అది ఇరవై నెలల మెస్సు బిల్లు. ఊళ్ళో తండ్రి ఎకరం కౌలుకు ఇచ్చి ఆ బిల్లు కట్టాడు. జి.హెచ్.ఎం.సి. వారు 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం వరుసలో కూలీల మధ్య డిగ్రీలు చదివినవారూ నిలబడ్డారంటే ఆశ్చర్యమేమీ లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్ళు ఖాళీ చేయమన్నప్పుడు పోలీసు స్టేషన్ల ముందు పాసులకోసం నిలబడ్డదీ వీరే. మా ఇంట్లో మిగిలిపోయిన నలుగురికి యాభై రోజులకు పైగా మా వంటింటిలోనే వండాం. వాళ్ళు పుస్తకంలో వ్రాసుకుంటామన్నారు. వద్దన్నాను, ఈ కాలం పిల్లల చేతివ్రాత నాకు అర్థం కాదు.

చివరగా జొన్నరొట్టె. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పల్లెల్లో సైతం జొన్న వెనకబడింది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి విడుదలయ్యాక సన్నన్నం అందరి కోరిక అయింది. తరతరాలుగా రొట్టె తిన్నవారు అన్నం తిని మురిసిపోయారు, నాతో సహా. ఆ మురిపెం మూల్యం మధుమేహం రూపంలో మన సంఘం సభ్యుల్లో ఎంతమంది కడుతున్నారో ప్రతి నెలా మందుల దుకాణం దగ్గర చూస్తూనే ఉన్నాం. డాక్టర్లు జొన్నరొట్టె తినమన్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అంతర్జాతీయ గౌరవం వచ్చేసరికి జొన్న ధర బియ్యాన్ని దాటింది. సాయంత్రమైతే మన వీధుల్లో పాలమూరు, మెదకు వైపు ఆడవాళ్ళు పొయ్యి పెట్టుకొని అరచేతుల మధ్య రొట్టె కొడుతున్నారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చాక తెలంగాణ రుచులు, సర్వపిండి, సకినాలు అంటూ అద్దాల దుకాణాలూ వెలిశాయి. 1969లో మేము అడగటం మరచిన బోర్డు మొత్తానికి ఎక్కింది. ఎక్కించినదాంట్లో ఉద్యమం వాటా ఎంత, షుగరు జబ్బు వాటా ఎంత అన్నది చరిత్రకారులు తేల్చాలి. నా ఓటు షుగరు జబ్బుకే.

2020 ఫిబ్రవరి 7న ఈ దారిలో మెట్రో మొదలయ్యాక చిక్కడపల్లి స్టేషను మన ముంగిట్లోకి వచ్చింది. స్తంభాల వెనక పాత హోటళ్ళ బోర్డులు కొన్ని కనబడకుండా పోయాయి గాని, మోకాళ్ళ నొప్పులవారికి లిఫ్టు ఉంది. నవంబరులో జీవన ధ్రువపత్రం ఇవ్వటానికి వచ్చే సభ్యులు సాయంత్రం దాకా ఆగగలిగితే అశోక్‌నగర్ సందుల్లో రొట్టెల పొయ్యిలు ఆరింటికి వెలుగుతాయి. పుంటికూర పప్పు కూడా దొరుకుతుంది, గోంగూర పప్పు అని అడిగినా అదే ఇస్తారు. ఏడు లోపే వెళ్ళటం మంచిది, ఆ తర్వాత లైబ్రరీ వదిలిన పిల్లలు వరుసలో ఉంటారు. వాళ్ళను ముందు తిననివ్వండి, మళ్ళీ చదువుకోవాలి.